రాయి ఎప్పుడు దేవుడైంది?



అరకులోయ చుట్టుపక్కల మన్యంలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పే పని నాది. దేవుడున్నాడా, చచ్చాక ఏమవుతాం, ఈ కొండ ఎవరిది, ఇలాంటి మాటలు తరగతిలోకి వచ్చినప్పుడు మాస్టారు ఏం చెయ్యాలన్నది ఇవాళ్టి విషయం. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా ఆ మాటలు వస్తూనే ఉంటాయి. వానాకాలం ఊళ్లో జ్వరాలు ముదిరినప్పుడు వస్తాయి. పండక్కి ఇంటికి వెళ్లినవాళ్లు సోమవారం తిరిగొచ్చినప్పుడు వస్తాయి.

పట్నంలో పనిచేసే మిత్రులు “ఈ కాలం పిల్లలు దేన్నీ నమ్మరండీ” అంటూ ఉంటారు. మా పిల్లల అపనమ్మకం కొంచెం వేరు. సైన్సు చదివి ప్రశ్నిస్తున్నారు, అది సంతోషమే. దాంతోపాటు చిన్నప్పటి నుంచి వాళ్లకు ఇంకొకటి కూడా నూరిపోశారు. మైదానంలో దేవుడికి చేస్తే సంస్కృతి, కొండ మీద దేవుడికి చేస్తే మూఢనమ్మకం. తిరుపతిలో తలనీలాలు ఇస్తే మొక్కు, నిశానీ దేవత దగ్గర కోడిని కోస్తే అజ్ఞానం. భగత, కొండదొర, కోటియా, పోర్జ, గదబ, ఖోండు, ఏ ఇంటి పిల్లకైనా పిల్లాడికైనా పదో తరగతి దాటేసరికి ఈ తేడా ఒంటబట్టేస్తుంది. కాబట్టి “నాకు ఇవన్నీ నమ్మకం లేదు సార్” అని ఎవరైనా అంటే, అందులో సగం ఆలోచన, సగం సిగ్గు. ఆ సిగ్గును ముందు పక్కకు తియ్యకపోతే ఏ తత్త్వమూ తలకెక్కదు.

నమ్మకాన్ని నూరిపోయడం కానీ, ఉన్న నమ్మకాన్ని ఊడబెరకడం కానీ మాస్టారి పని అని నేననుకోను. ప్రతి నమ్మకం అడుగునా ఒక ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్నను బయటికి లాగి తరగతి మధ్యలో పెట్టాలి. నమ్మేవాడూ నమ్మనివాడూ దాని మీద సమానంగా వాదులాడుకోవాలి. చెప్పడం తేలికే. ఎలాగంటారా? బొర్రా గుహల దగ్గర మొదలుపెడతాను.

అనంతగిరి మండలంలో ఉన్న ఆ గుహలు మీలో చాలామంది చూసే ఉంటారు. మెట్లు దిగుతుంటే రంగుదీపాల వెలుతురులో పైనుంచి వేలాడే రాళ్లు, కిందనుంచి లేచిన రాళ్లు. ఒకచోట శివలింగం. దాని కథా మీకు తెలిసిందే. మేస్తున్న ఆవు పైనున్న కంతలోంచి గుహలో పడిపోయింది. వెతుక్కుంటూ దిగిన కాపరికి ఆవు నిక్షేపంగా కనబడింది, పక్కనే లింగమూ కనబడింది. శివుడే కాపాడాడన్నారు, కొలుపు మొదలైంది. అక్కడ పారే గోస్తనీ నదికి ఆ పేరు కూడా ఆ ఆవు వల్లే వచ్చిందంటారు.

పిల్లల్ని నేను లింగం దగ్గరికి నేరుగా తీసుకెళ్లను. దారిలో వేలాడే ఒక రాతి మొన దగ్గర ఆపుతాను. మొన చివర నీటిబొట్టు ఉంటుంది. అది నెమ్మదిగా బరువెక్కుతుంది, కొస సాగుతుంది, తెగి పడుతుంది. తెగినచోట తడి మాత్రం మిగులుతుంది, కాసేపటికి అదే మళ్లీ బొట్టవుతుంది. అది చూస్తూ కెమిస్ట్రీ చెప్పుకుంటాం. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. ఆ నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుని కిందికి దిగుతుంది. గుహలో గాలి తగిలాక ఆ వాయువు తప్పించుకుపోతుంది, కరిగిన సున్నం మోయలేక నీరు దాన్ని అక్కడే వదిలేస్తుంది. పైన వదిలింది వేలాడుతుంది, కింద పడ్డచోట వదిలింది పైకి లేస్తుంది. ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరుగుతుందని ఒక ఉజ్జాయింపు లెక్క వేసుకుంటే మీటరు ఎత్తు రాయికి పదివేల ఏళ్లు పడుతుంది. ఒక్కో గుహలో, ఒక్కో మొన దగ్గర ఈ వేగం మారుతుంది, అదీ చెబుతాను.

అప్పుడు ఆవు కథ చెబితే నవ్వుతారు. నవ్వనిస్తాను. తర్వాత ఇంకో కథ చెబుతాను. 1807లో భారత భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ గుహల్ని కనిపెట్టాడని పర్యాటకుల కోసం రాసిన వ్యాసాల్లో ఎక్కడ చూసినా ఉంటుంది. ఆవు కథకు నవ్విన కుర్రాళ్లే దీన్ని శ్రద్ధగా నోట్సులోకి ఎక్కించుకుంటారు. రాసుకోవడం అయ్యాక అడుగుతాను: “ఆ సర్వే సంస్థ ఎప్పుడు పుట్టింది?” ఫోన్లో వెతుకుతారు. 1851. పుట్టని సంస్థ ఉద్యోగి గుహ ఎలా కనిపెట్టాడు? దొర పేరు, సంస్థ పేరు, ఒక సంవత్సరం, ఈ మూడూ ఉంటే మనకు చాలు, ఇంక అనుమానం రాదు. ఆ కొండ మీద పశువులు కాసుకునేవాళ్లకు అంతకు ముందే తెలియని గుహా అది? అనుమానించడం అంటే మన తాతల మాటనే అనుమానించడం కాదని ఈ ఒక్క ఉదాహరణతో పిల్లలకు తెలిసిపోతుంది. సిగ్గు సగం అక్కడ వదులుతుంది.

ఇలాంటి ఒక సందర్భంలోనే బి.ఎస్‌సి. చదివే అమ్మాయి ఒకతె అడిగింది: “అయితే సార్, ఈ రాయి లింగం ఎప్పుడైంది? మొదటి బొట్టు పడ్డప్పుడా, కాపరి చూసినప్పుడా?”

నేను వెంటనే జవాబు చెప్పలేదు, పక్కవాళ్ల మీదికి తోశాను. ఒకడు “మనుషులు చూసినప్పుడే, అంతకుముందు ఉత్త రాయి” అన్నాడు. “మరి చూసినవాళ్లంతా చనిపోతే మళ్లీ ఉత్త రాయి అయిపోతుందా?” అని ఇంకొకడు. “నోటు కూడా అంతే కదరా, మనం ఒప్పుకున్నంతకాలమే డబ్బు, లేకపోతే కాగితం” అన్నాడు మరొకడు. “ఒప్పుకున్నందుకు డబ్బయింది నిజమే, మరి కాపరి ఎవరితో ఒప్పందం చేసుకున్నాడు? వాడు ఒక్కడే ఉన్నాడు, భయపడ్డాడు, ఆవు బతికింది” అంది ఆ అమ్మాయి. రాయి ఎలా పుట్టిందో చెప్పే శాస్త్రం ఎంత నిక్కచ్చిదైనా, రాయి ఒక మనిషికి దేవుడెలా అయిందన్న ప్రశ్న దాని పరిధిలోకి రాదు. ఆ మాట నేను చెప్పాల్సిన పని లేకుండా వాళ్లే తేల్చుకున్నారు. పైగా ఆ రోజు వాదించినవాళ్లలో ఎంతమంది ఆస్తికులో, ఎంతమంది కాదో నాకు తెలియలేదు.

ఇప్పుడు నాకు బొత్తిగా గిట్టని పద్ధతి ఒకటి చెబుతాను. అనుమానించే పిల్లల్ని ఒప్పించడానికి “దీని వెనక సైన్సు ఉంది” అనడం. వాట్సాప్ నిండా ఇదే. మా మన్యంలో కొత్త పండగలుంటాయి. కొర్ర కొత్త, కంది కొత్త, మామిడి కొత్త. చేతికొచ్చిన పంటను ముందు దేవుడికీ చనిపోయిన పెద్దలకూ పెట్టాకే ఇంట్లో నోట పెట్టుకుంటారు. మామిడి కొత్త కాకుండా చెట్టు కింద రాలిన కాయనైనా ముట్టుకోనివ్వని ముసలమ్మలు ఇంకా ఉన్నారు. దీనికి మన మాస్టార్లు చెప్పే కారణం: పచ్చికాయ తింటే కడుపునొప్పి, టెంక ముదరాలి, అందుకే పూర్వీకులు దేవుడి పేరు పెట్టి ఆపారు.

ఇది విన్న పిల్లవాడు ఏమనుకుంటాడు? మా ముత్తాతలు పిల్లల్ని కడుపునొప్పి నుంచి కాపాడటానికి అబద్ధం ఆడారు, ఇప్పుడు నాకు నిజం తెలిసింది, ఇక పండగ అక్కర్లేదు. పెద్దల్ని గౌరవించబోయి వాళ్లను అబద్ధాలకోరుల్ని చేశాం. టెంక లెక్క సరే అనుకుందాం. దేవుడికి ఎందుకు పెట్టాలి, పోయినవాళ్లకు ఎందుకు పెట్టాలి, ఊరంతా ఒక్క రోజే ఎందుకు? ముహూర్తాలు పెట్టే దిసారి ఎందుకు మంచిరోజు చూడాలి? దీనికి ఆ కారణంలో జవాబు లేదు.

కొత్త అడుగున ఉన్న ప్రశ్న నాకు ఇలా వినబడుతుంది: నేను దున్ని నేను విత్తిన పంట పూర్తిగా నాదేనా? నాది కాని పాలు అందులో ఎంత? వాన, మట్టి, ఆ పోడు మొదట కొట్టిన తాత, వీళ్ల లెక్క ఎవరు చూస్తారు? ఇలా అడిగితే కామర్స్ పిల్లలు కూడా లేచి కూర్చుంటారు. ఒకసారి ఒక కుర్రాడు “మా ఇంట్లో కాఫీకి కొత్త చెయ్యం సార్, ఎందుకంటారు?” అన్నాడు. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ నీడలో వాళ్లకు కాఫీ తోట ఉంది. అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణమే తెరిచారు, అంత గొప్ప పంట. తినే కొర్రకు పండగ ఉంది, అమ్మే కాఫీకి లేదు. “అమ్ముకునేదానికి దేవుడి వాటా ఎందుకు, బేరగాడి వాటా పోతోంది కదా” అని వెనక బెంచీ నుంచి ఎవరో అంటే అందరం నవ్వాం. ఆ నవ్వులో అర్థశాస్త్రం చాలానే ఉంది. ఆ కుర్రాడు మాత్రం ఇంటికెళ్లి నాన్నమ్మను అడిగొచ్చాడు. కాఫీ తమ దేవుడికి తెలియదని ఆవిడ చెప్పిందట. ఇంతకంటే గట్టి ధర్మశాస్త్ర చర్చ నేను పుస్తకాల్లో అట్టే చూడలేదు.

అన్ని నమ్మకాలనూ ఇలాగే మెత్తగా చూడాలా? చూడకూడదు. చిల్లంగి, అంటే చేతబడి విషయంలో నేను మెత్తగా ఉండను.

ఊళ్లో పిల్లకు జ్వరమొచ్చి పోతుంది. ఎవరో చిల్లంగి పెట్టారంటారు. ఎవరన్నదానికి ఒక పేరు బయటికొస్తుంది. ఆ పేరు సాధారణంగా దిక్కులేని ముసలిదో, పొలంగట్టు తగాదా ఉన్నవాడో అయి ఉంటుంది. తర్వాత జరిగేది కొట్టడం, తరమడం, ఒక్కోసారి చంపడం. పక్కనున్న ఒడిశా 2013లో దీని మీద ప్రత్యేకంగా చట్టమే చేసుకోవాల్సి వచ్చింది. చిల్లంగి వల్ల జ్వరమొచ్చిందన్నది పరీక్షకు నిలబడాల్సిన మాట. జ్వరం దేనివల్లో రక్తపుచుక్క తీసి చూడొచ్చు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే చూశాడు. పరీక్షించగల మాటను పరీక్షించకుండా, ఆదివాసీ సంస్కృతి అని గౌరవంగా పక్కన పెట్టడం ఆ ముసలిదాన్ని కొట్టేవాళ్లకు అప్పజెప్పడమే. ప్రతి పౌరుడూ శాస్త్రీయ దృక్పథం పెంచుకోవాలని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 51ఎ(హెచ్) చేరింది. అది ఎందుకుందో నాకు చిల్లంగి పాఠం చెప్పేటప్పుడు బాగా అర్థమవుతుంది.

అయితే అక్కడితో ఆపినా పిల్లలకు తృప్తి ఉండదు. అప్పటి సూడాన్‌లోని అజాండే తెగ గురించి మానవశాస్త్రవేత్త ఇవాన్స్ ప్రిచర్డ్ 1937లో రాసిన పుస్తకంలో ఒక గాదె కూలుతుంది. చెదలు తినేశాయని అజాండేలకు బాగా తెలుసు. కానీ సరిగ్గా వీళ్లు దాని నీడలో కూర్చున్నప్పుడే ఎందుకు కూలిందన్నది వాళ్ల ప్రశ్న. మా తల్లులదీ అదే. దోమ అందర్నీ కుట్టింది, నా బిడ్డే ఎందుకు పోయింది? సూక్ష్మదర్శిని దీనికి జవాబు చెప్పదు, అది దాని పని కూడా కాదు. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆ తల్లికి నూటికి నూరుపాళ్లూ ఉంది. దానికి జవాబుగా పక్కింటి మనిషి పేరు చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గియ్యాలో పిల్లలతోనే గీయించాలి, ఎందుకంటే రేపు ఊళ్లో నిలబడి మాట్లాడాల్సింది వాళ్లు.

ప్రభుత్వ కాలేజీలో ఇవన్నీ మాట్లాడొచ్చా అని అడిగేవాళ్లున్నారు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని 28వ అధికరణం చెబుతోంది, మంచిదే. మతాల గురించి ఆలోచించడాన్ని అది ఆపలేదు, 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా చూపించింది. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. ఆయన అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం, డిగ్రీ మొదటి ఏడు మతాచార్యుల జీవితాలు, రెండో ఏడు గ్రంథాల్లోంచి ఏరిన భాగాలు, మూడో ఏడు మతతత్త్వంలోని మూలప్రశ్నలు చెప్పాలంది. పెద్దాయన మీద గౌరవంతోనే అంటున్నాను, ఆ వరస తలకిందులైంది. ప్రశ్నలు మొదటి ఏడాదే రావాలి. ఆచార్యుల జాబితాలో బుద్ధుడి నుంచి గాంధీ దాకా ఉన్నారు, కొండ మీద దిసారికి, పూజలు చేసే గురుమాయికి మాత్రం చోటు దొరకలేదు. ఇటు రాధాకృష్ణన్ పేరు చెప్పాక అటు గోరా పేరూ చెప్పాలి. వృక్షశాస్త్రం చెప్పే గోపరాజు రామచంద్రరావు నాస్తికుడన్న కారణంగా 1933లో కాకినాడలో ఒకసారి, 1939లో బందరులో మరోసారి కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నారు. అనుమానించినందుకు మాస్టారికే ఉద్యోగం పోయిన చరిత్ర మనకుందని పిల్లలకు తెలియాలి.

ఇక చావు సంగతి. కఠోపనిషత్తులో యముడు ఏనుగులిస్తాను, బంగారమిస్తాను, చచ్చాక మనిషి ఉంటాడా అన్న ప్రశ్న మాత్రం వదిలెయ్యమంటే నచికేతుడు వదల్లేదు. ఈ కథ మా పిల్లలకు నచ్చుతుంది, కానీ అది పుస్తకంలో కథ. కాస్త ఈశాన్యంగా పర్లాకిమిడి కొండల్లో సవరలు ఆ మాటలు నేరుగా పోయినవాళ్లతోనే మాట్లాడేవాళ్లు.

సవరల గురించి తెలుగువాడికి మొదట గుర్తు రావాల్సింది గిడుగు రామమూర్తి. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు మనకు తెలుసు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని బడులు పెట్టిన గిడుగు తక్కువమందికి తెలుసు. కొండల్లో పట్టుకున్న చలిజ్వరానికి క్వినైన్ మింగి మింగి ఆయన వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో వచ్చింది. సవరల దేవుళ్ల మీద వెరియర్ ఎల్విన్ పెద్ద పుస్తకం 1955లో వచ్చింది. ఆ తర్వాత 1970లలో ఒడిశా వైపు సవరల మధ్యకు వెళ్లిన పియర్స్ విటెబ్‌స్కీ, చనిపోయినవాళ్లతో వాళ్లు జరిపే సంభాషణల మీద 1993లో పుస్తకం రాశాడు.

ఆ సంభాషణ ఇలా ఉంటుంది. పూనకంలో ఉన్న గురువమ్మ నోట చనిపోయిన మనిషి మాట్లాడతాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు ఏడుస్తారు, పోట్లాడతారు, నిష్ఠూరాలాడతారు. నాకు సరిగా వైద్యం చేయించలేదేమని పోయినవాడు అడుగుతాడు, అప్పు చేసి తెచ్చామయ్యా అని బతికున్నవాడు సంజాయిషీ చెప్పుకుంటాడు. ఒక్క రోజుతో అయిపోదు, ఏళ్ల తరబడి సాగుతుంది. మొదట్లో కోపంతో జబ్బులు తెచ్చిన ఆ మనిషే మెల్లగా చల్లబడి, ఇంటిని కాచే పెద్దవుతాడు, పుట్టిన బిడ్డకు తన పేరిస్తాడు. పోయినవాళ్ల నుంచి మనసును మెల్లగా విడదీసుకోవాలని ఫ్రాయిడ్ 1917లో అన్నాడు. సవరలు విడదీసుకోలేదు, బేరమాడుకున్నారు.

ఇది విన్నాక తరగతిలో “గురువమ్మ నటిస్తోందా?” అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. రావాల్సిందే. ఒకసారి నర్సింగు చదవాలనుకుంటున్న అమ్మాయి దానికి ఎదురు ప్రశ్న వేసింది: “నటించినా సరే, మా అన్న పోయినప్పుడు నేను అనాల్సిన మాటలు నాలుగున్నాయి. అవి ఇంక ఎవరికి చెప్పాలి సార్?” సవర యువకుల్లో చాలామంది ఇప్పుడు బాప్టిస్టు క్రైస్తవులయ్యారు, కొందరు హిందూ పద్ధతుల వైపు వెళ్లారు. పోయినవాళ్లతో మాట్లాడటం వాళ్లు మానేశారు. 2017లో విటెబ్‌స్కీ రాసిన రెండో పుస్తకం దాని గురించే. మానేసినవాళ్లకు ఏం దొరికింది, ఏం పోయింది అని నేను పిల్లల చేత రాయిస్తాను. మార్కులు వెయ్యను, దిద్దను కూడా.

చివరగా కోర్టుకెక్కిన దేవుడి సంగతి. కొరాపుట్ దాటి రాయగడ వైపు వెళ్తే నియమగిరి. అక్కడి డోంగ్రియా ఖోండులకు ఆ కొండ తమ దేవుడు నియమరాజుది. కొండ నెత్తిన బాక్సైట్ ఉంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, తవ్వకం వాళ్ల మతపరమైన హక్కులకు భంగమో కాదో గ్రామసభలే తేల్చాలంది. పన్నెండు గ్రామసభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. దానికి పదహారేళ్ల ముందు, 1997 జూలై 11న, మా అనంతగిరి కొండల్లో గనుల లీజుల మీద సమతా అనే సంస్థ వేసిన కేసులో తీర్పు వచ్చింది. అందులో దేవుడి ప్రస్తావనతో పని పడలేదు. షెడ్యూల్డు ప్రాంతపు భూమి గిరిజనేతర వ్యక్తికి ఇవ్వకూడదు, వ్యక్తి అంటే ప్రైవేటు కంపెనీ కూడా అంది కోర్టు.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చెబితే తరగతి వేడెక్కుతుంది. “నియమరాజును ఎవరు చూశారు?” అని ఒకడు లేస్తాడు. “కంపెనీని ఎవరు చూశారు?” అని ఇంకొకడు. ఆఫీసు చూశాం, మేనేజరును చూశాం, బోర్డు చూశాం. కంపెనీ అనేదాన్ని ఎవరమూ చూడలేదు, అయినా దానికి ఆస్తి ఉంది, పేరుంది, కోర్టుకెళ్తుంది. గుడిలో విగ్రహం చట్టం దృష్టిలో వ్యక్తేనని ప్రీవీ కౌన్సిల్ 1925లోనే అంది. మరి కొండ ఎందుకు కాకూడదు?

అక్కడ ఒక అమ్మాయి గట్టిగా అడ్డుపడింది. “కంపెనీ తప్పు చేస్తే కేసు పెట్టొచ్చు సార్. నియమరాజు తప్పు చేస్తే ఎవరి మీద పెడతాం? ఆయన మాట గ్రామసభే చెబుతోంది కదా. అలాంటప్పుడు గ్రామసభ చాలు, మధ్యలో రాజెందుకు?”

నేను ఏదో అనబోయేలోపు ఖోండుల కుర్రాడు, మామూలుగా నోరెత్తని వాడు, లేచాడు. “గ్రామసభ ఈసారి వద్దంది. రేపు డబ్బు చూపిస్తే సరే అనొచ్చు. అప్పుడు కూడా వద్దనేవాడు ఒకడుండాలి కదా.”

“వాడు లేకపోతే?” అంది ఆ అమ్మాయి.

“లేకపోతే మనం అమ్మేస్తాం” అన్నాడు.